రింగ్ పక్కన కెమెరా: ఇంటికి చేరేది ఆ ఒక్క ఫోటోనే

తిరువూరు లాంటి ఊళ్ళో ఫోటో స్టూడియో గోడలు చూస్తే చాలు, ఆ ఊరి సంబరాలన్నీ తెలిసిపోతాయి. సెహ్రా కట్టుకున్న పెళ్ళికొడుకు, మోచేతుల దాకా మెహందీ పెట్టుకున్న పెళ్ళికూతురు, అఖీఖా నాటి పసిబిడ్డ, మెడలో పూలదండలతో హజ్‌కు బయల్దేరుతున్న దాదా. ఈమధ్య వాటి పక్కన ఇంకో రకం ఫోటోలు కూడా చేరుతున్నాయి. కరాటే డ్రెస్సులో కాలు పైకెత్తిన పిల్లాడు, బాక్సింగ్ గ్లవ్స్ మొహం ముందు పెట్టుకుని నిలబడ్డ అమ్మాయి.

ఈ రెండో రకం ఫోటోలను కాస్త నిదానంగా చూస్తే ఒక సంగతి బయటపడుతుంది. అవన్నీ నిలబెట్టి తీసినవే. పోటీ జరుగుతుండగా తీసిన ఫోటో దాదాపు ఉండదు. ఉన్నా అందులో పిల్లాడి చెయ్యి మసకగా సాగిపోయి ఉంటుంది, లేదా రిఫరీ వీపు అడ్డం వచ్చి ఉంటుంది, లేదా ఫోకస్ అంతా ముందున్న తాడు మీద పడి వెనక మనుషులు నీడల్లా కనిపిస్తారు. నికాహ్‌లో 'కబూల్ హై' అన్న క్షణాన్ని ఎన్నడూ వదలని ఫోటోగ్రాఫర్ కూడా రింగ్ పక్కకు వచ్చేసరికి తడబడతాడు. దానికి కెమెరా ఖరీదు ఒక్కటే కారణం కాదు. ఇది వేరే పని. దీనికి వేరే అలవాట్లు కావాలి.

ఈ పని ఎందుకు ముఖ్యమో అర్థం కావాలంటే ముందు నిజామాబాద్ వెళ్ళాలి.

ఇంట్లోవాళ్ళు చూసేది రింగ్‌ను కాదు, ఫోటోను

నిఖత్ జరీన్ పేరు తెలియని ముస్లిం కుటుంబం తెలుగు రాష్ట్రాల్లో ఇప్పుడు ఉండకపోవచ్చు. 1996లో నిజామాబాద్‌లో పుట్టింది. నలుగురు ఆడపిల్లల్లో మూడోది. తండ్రి మహమ్మద్ జమీల్ అహ్మద్ స్వయంగా ఆటగాడు. కూతురిని మొదట పరుగు పందేల కోసమే మైదానానికి తీసుకెళ్ళారు. అక్కడ అన్ని ఆటల్లోనూ అమ్మాయిలు కనిపించి, బాక్సింగ్‌లో మాత్రం ఒక్కరూ కనిపించకపోయేసరికి ఎందుకని తండ్రిని అడిగిందట. అక్కడే షంసముద్దీన్ అనే కోచ్ దగ్గర మగపిల్లలతో కలిసి సాధన మొదలుపెట్టింది. ఆ కోచ్ కొడుకే కామన్వెల్త్ క్రీడల్లో 2018లోనూ, 2022లోనూ కాంస్యాలు గెలిచిన మహమ్మద్ హుసాముద్దీన్. 2009లో నిఖత్ విశాఖపట్నంలోని స్పోర్ట్స్ అథారిటీ శిక్షణ కేంద్రంలో ద్రోణాచార్య అవార్డు గ్రహీత ఐ. వెంకటేశ్వరరావు దగ్గర చేరింది. 2011లో టర్కీలోని అంతాల్యాలో జూనియర్ ప్రపంచ ఛాంపియన్ అయింది.

ఈ ప్రయాణంలో రింగ్ బయట ఎదురైన మాటల గురించి ఆ కుటుంబం ఎన్నో ఇంటర్వ్యూల్లో చెప్పింది. పొట్టి నిక్కర్లు వేసుకునే ఆట మన ఆడపిల్లకు ఎందుకని బంధువులు, తెలిసినవాళ్ళు అన్నారు. మొదట్లో కూతురి మొహం మీద దెబ్బలు చూసి తల్లి పర్వీన్ సుల్తానా ఏడ్చారు, రేపు పెళ్ళి ఎలా అవుతుందని బెంగపడ్డారు. తండ్రి మాత్రం గట్టిగా నిలబడ్డారు. 2022 మే 19న ఇస్తాంబుల్‌లో థాయిలాండ్ బాక్సర్ జిత్‌పాంగ్ జుటామస్‌ను 5-0తో ఓడించి నిఖత్ 52 కిలోల విభాగంలో ప్రపంచ ఛాంపియన్ అయ్యాక ఆ మాటలు ఎటు పోయాయో అందరికీ తెలుసు.

ఇందులో ఫోటోల పాత్ర ఏమిటి? ఆ మాటలు అన్నవాళ్ళలో ఎంతమంది ఎప్పుడైనా ఒక బాక్సింగ్ పోటీని రింగ్ పక్కన కూర్చుని చూసి ఉంటారు? పోటీలు విశాఖలో, ఢిల్లీలో, గువాహటిలో, టర్కీలో జరుగుతాయి. ఇంటిల్లిపాదీ, చుట్టాలు, మొహల్లా జనం అందరూ ఆ ఆటను చూసేది మర్నాటి పేపర్లో, వాట్సాప్‌లో వచ్చిన ఒకటి రెండు ఫోటోల్లోనే. అందులో పిల్ల భయంగా, బిత్తరపోయి, ముక్కు నుంచి రక్తం కారుతూ కనిపిస్తే ఆ ఇంట్లో ఒక రకం మాట నడుస్తుంది. కళ్ళలో పట్టుదలతో, కాళ్ళు నేలలో పాతుకున్నట్టు నిలబడి కనిపిస్తే ఇంకో మాట నడుస్తుంది. రెండూ ఒకే పోటీలోవి, రెండూ నిజమైన ఫోటోలే కావచ్చు. ఏది తీశారు, దేన్ని పంపారు అన్నది మాత్రం రింగ్ పక్కన కూర్చున్న మనిషి చేతిలో ఉంది. ఒక పిల్ల ఆట ఇంకో ఏడాది సాగడం, ఆగిపోవడం కొన్నిసార్లు దాని మీదే ఆధారపడుతుంది.

అలీ ఫోటోలో దెబ్బ లేదు

బాక్సింగ్ ఫోటో అనగానే ప్రపంచమంతా గుర్తు తెచ్చుకునేది ఒకటే. కింద వెల్లకిలా పడి ఉన్న సోనీ లిస్టన్, పైన నిలబడి చెయ్యి మడిచి అరుస్తున్న ముహమ్మద్ అలీ. 1965 మే 25న అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో లూయిస్టన్ అనే ఊళ్ళో తీసింది. న్యూయార్క్ కాదు, చికాగో కాదు, మిల్లులు ఉన్న ఒక చిన్న పట్టణం. ఈ పోటీ అసలు బోస్టన్‌లో జరగాల్సింది. అలీకి హెర్నియా ఆపరేషన్ కావడంతో వాయిదా పడి, తర్వాత చిక్కులు వచ్చి, చివరికి అక్కడికి చేరింది. పోటీ మొదటి రౌండ్‌లోనే ముగిసింది. అలీ కొట్టిన దెబ్బ ఎంత వేగంగా వచ్చిందంటే హాల్లో చాలామంది దాన్ని చూడనేలేదు. ఆ దెబ్బ తగిలిందా లేదా అని ఏళ్ళ తరబడి వాదించుకున్నారు.

ఈ ఫోటో తీసింది స్పోర్ట్స్ ఇలస్ట్రేటెడ్ పత్రికకు పనిచేస్తున్న నీల్ లీఫర్. అప్పటికి వయసు 22. ఆయన చేతిలో ఉన్నది రోలీఫ్లెక్స్ కెమెరా, ఫిల్మ్ చుట్టకు 12 ఫోటోలు. రింగ్ పైన ఆయన కట్టించిన పెద్ద ఫ్లాష్ లైట్లు ఒకసారి వెలిగితే మళ్ళీ చార్జ్ కావడానికి కొన్ని సెకన్లు పట్టేది. అంటే తొందరపడి ఒక సెకను ముందు నొక్కి ఉంటే అసలు క్షణంలో లైట్ ఉండేది కాదు. ఈరోజు సెకనుకు 10, 20 ఫోటోలు తీసే కెమెరా పట్టుకుని వేలు తియ్యకుండా నొక్కేవాళ్ళు ఈ సంగతి ఒక్కసారి ఆలోచించాలి.

ఆ ఫోటోలో ఇంకో మనిషి ఉన్నాడు. అలీ కాళ్ళ మధ్యలోంచి చూస్తే అవతలి పక్కన కెమెరా పట్టుకుని కూర్చున్న బట్టతల మనిషి కనిపిస్తాడు. ఆయన హెర్బ్ షార్ఫ్‌మన్. అదే పత్రిక ఫోటోగ్రాఫర్, లీఫర్ కంటే ఎంతో సీనియర్, బాక్సింగ్ ఫోటోల్లో పేరున్నవాడు. ఆ క్షణంలో ఆయనకు దొరికింది అలీ వీపు. తప్పేమీ చెయ్యలేదు. తప్పు పక్కన కూర్చున్నాడు, అంతే. లీఫర్ కూడా తర్వాత ఎన్నోసార్లు ఇదే చెప్పాడు: సరైన పక్కన కూర్చోవడం అదృష్టం, అదృష్టం తలుపు తట్టినప్పుడు ఫోటో చెడగొట్టకపోవడం పనితనం.

గమనించాల్సిన విషయం ఇంకోటుంది. ఈ ఫోటోలో దెబ్బ లేదు. దెబ్బ తగిలి అయిపోయింది. రింగ్ పక్కకు కొత్తగా వచ్చినవాళ్ళంతా గ్లవ్ చెంపకు తాకే క్షణం కోసమే ప్రాణం పెడతారు. ప్రపంచం గుర్తుపెట్టుకున్నది మాత్రం దాని తర్వాతి క్షణాన్ని.

(ఇదే అలీ 1980లో మద్రాసు వచ్చి జిమ్మీ ఎల్లిస్‌తో ప్రదర్శన పోటీ ఆడాడు. తెలుగు నేలకు అంత దగ్గరగా వచ్చి వెళ్ళాడని మన పిల్లల్లో చాలామందికి తెలియదు.)

40 సెంటీమీటర్ల సందు

రింగ్ అంటే గుండ్రం అనిపిస్తుంది కానీ అది చతురస్రం. పెద్ద పోటీల్లో తాళ్ళ లోపల ఒక్కో పక్క 6.10 మీటర్లు. నేల నుంచి దాదాపు మీటరు ఎత్తున ఉంటుంది. నాలుగు తాళ్ళు. అన్నిటికన్నా కింది తాడు కాన్వాస్ మీద నుంచి 40 సెంటీమీటర్ల ఎత్తున, రెండోది 70 సెంటీమీటర్ల ఎత్తున. ఫోటోగ్రాఫర్ ప్రపంచమంతా ఈ సందుల్లోనే. కింది తాడుకు దిగువన గానీ, మొదటి రెండు తాళ్ళ మధ్య గానీ లెన్స్ పెట్టుకోవాలి. తాడుకు ఎంత దగ్గరగా లెన్స్ ఉంటే ఫోకస్ తాడు మీదకు వెళ్ళే బెడద అంత తక్కువ. మోచేతులు కాన్వాస్ అంచు మీద ఆనించుకోవచ్చు. కాకపోతే ఆటగాళ్ళు మీదకు వస్తుంటే చటుక్కున వెనక్కి తీసుకోవాలి. లేకపోతే కెమెరా పోతుంది, దానికన్నా ముఖ్యంగా ఆ పిల్లల కాలు మడతపడుతుంది.

ఎక్కడ పడితే అక్కడ కూర్చోనివ్వరు. నాలుగు పక్కలా జడ్జిలు ఉంటారు, వాళ్ళ చూపుకు అడ్డం రాకూడదు. ఎరుపు మూల, నీలం మూల కోచ్‌లవి. వాళ్ళు నిమిషం విరామంలో నీళ్ళు, తువ్వాలు, స్టూలు పట్టుకుని పరుగెత్తే దారిలో కూర్చుంటే తిట్లు తినాల్సిందే. మిగిలేవి తటస్థ మూలలు, పక్కల్లో కొద్దిపాటి జాగా. ఒకసారి కూర్చున్నాక బౌట్ మధ్యలో లేచి తిరగకూడదు. షార్ఫ్‌మన్‌కు జరిగింది ఎవరికైనా జరగొచ్చని ఒప్పుకునే కూర్చోవాలి.

లెన్స్ విషయం త్వరగా ముగించొచ్చు. రింగ్‌ను ఆనుకుని కూర్చుంటే 24-70, దూరంగా ఉంటే 70-200. రెండూ ఎఫ్ 2.8వి అయితే మేలు, కానీ వాటి ధర ఒక బండి ధర. మొదలుపెట్టేవాళ్ళకు పదివేల రూపాయల చుట్టుపక్కల దొరికే 50 ఎం.ఎం. ఎఫ్ 1.8 లెన్స్ చాలు. నికాహ్ ఫోటోలకు ఇప్పటికే చాలామంది దగ్గర ఉంటుంది.

అసలు తిప్పలు వెలుతురుతోనే. పెళ్ళి ఫోటోగ్రాఫర్‌కు ఫ్లాష్ ప్రాణం. ఇక్కడ దాన్ని బ్యాగులోనే ఉంచాలి. దెబ్బలు ఎదురొస్తున్న మనిషి కళ్ళలో ఫ్లాష్ కొడితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. పోటీల్లో దాన్ని అనుమతించరు. అంటే హాల్లో ఉన్న వెలుతురుతోనే సరిపెట్టుకోవాలి.

ఇక్కడ ఒక చిన్న లెక్క వేసుకోవాలి. శిక్షణ ఉన్న బాక్సర్ పిడికిలి సెకనుకు 8 మీటర్ల వేగంతో కదిలిందనుకుందాం. పెళ్ళిలో వాడే 1/125 సెకను షట్టర్‌లో ఆ పిడికిలి 6 సెంటీమీటర్లకు పైగా జరుగుతుంది. అందుకే ఫోటోలో చెయ్యి పొగలా కనిపిస్తుంది. 1/1000 సెకనులో అయితే సెంటీమీటరు కూడా జరగదు. కాబట్టి 1/1000 దగ్గర మొదలుపెట్టి, లెన్స్ పూర్తిగా తెరిచి, ఐ.ఎస్.ఓ. 3200, 6400 అయినా సరే పెంచుకోవాలి. ఫోటోలో ఇసుక చల్లినట్టు గింజలు పడతాయి. పడనివ్వండి. గింజలున్న ఫోటో పేపర్లో అచ్చవుతుంది, మసకబారిన ఫోటో అవ్వదు.

చిన్న ఊళ్ళ హాళ్ళలో మరో మాయ ఉంది. ఒకే సెకనులో వరసగా తీసిన నాలుగు ఫోటోల్లో ఒకటి పసుపుగా, ఒకటి పచ్చగా, ఒకటి చీకటిగా వస్తుంది. కెమెరా పాడైందని రిపేరుకు తీసుకెళ్ళేవాళ్ళూ ఉంటారు. కెమెరా తప్పేమీ లేదు. మన కరెంటు సెకనుకు 50 ఆవృత్తాలు తిరుగుతుంది, దాంతో ట్యూబ్‌లైట్లు, చవక ఎల్ఈడీలు సెకనుకు 100 సార్లు వెలుగు తగ్గుతూ పెరుగుతూ ఉంటాయి. కంటికి తెలియదు. 1/1000 సెకను షట్టర్ మాత్రం ఆ ఊగిసలాటలో పదో వంతు ముక్కను పట్టుకుంటుంది, అది ఒకసారి వెలుగు ముక్క, ఒకసారి చీకటి ముక్క. కొత్త కెమెరాల్లో చాలావాటికి యాంటీ ఫ్లికర్ అనే సెట్టింగ్ ఉంటుంది, దాన్ని ఆన్ చెయ్యాలి. లేకపోతే షట్టర్ 1/500కు తగ్గించుకుని, కాస్త మసకను భరించి, ఎక్కువ ఫోటోలు తీసుకోవాలి. పోటీ మొదలవ్వకముందే గంట ముందు వెళ్ళి ఖాళీ రింగ్‌ను తీసి చూసుకుంటే ఈ బెంగ ఉండదు.

మహిళల పోటీల్లో హెడ్‌గార్డ్ ఉంటుంది. దీపాలు పైనుంచి పడతాయి కాబట్టి దాని నీడ కళ్ళ మీద పడుతుంది. కళ్ళు కనిపించని బాక్సింగ్ ఫోటోలో ఎవరున్నారో తల్లికి తప్ప ఎవరికీ తెలియదు. తల కాస్త పైకెత్తే క్షణం కోసం ఆగాలి. మూలకు తిరిగి వెళ్ళేటప్పుడు, కోచ్ మాట వినేటప్పుడు ఆ క్షణం దొరుకుతుంది.

కన్ను చూశాక నొక్కితే ఆలస్యం

మనిషి కన్ను ఒక కదలికను చూసి, మెదడు గుర్తుపట్టి, వేలు నొక్కేసరికి సెకనులో దాదాపు ఐదో వంతు గడిచిపోతుంది. పై లెక్క ప్రకారం ఆ లోపు పిడికిలి మీటరున్నర దాటుతుంది, అంటే చేతి పొడవు కంటే ఎక్కువ. కాబట్టి దెబ్బను చూసి నొక్కినవాడికి దెబ్బ దొరకదు. చెయ్యి వెనక్కి వెళ్తున్న ఫోటో దొరుకుతుంది.

మరి ఎలా? చెయ్యి వైపు చూడకూడదు. భుజం చూడాలి, ముందు కాలు చూడాలి. దెబ్బ బయల్దేరే ముందు ముందు కాలు అంగుళమో, రెండంగుళాలో జరుగుతుంది, భుజం కాస్త కిందికి దిగుతుంది. అది కనబడగానే నొక్కాలి. మొదటి రౌండ్‌లో ఫోటోలు తక్కువ తీసి, ఆ ఇద్దరి అలవాట్లు పట్టుకోవడం తెలివైన పని. ఒక అమ్మాయి రెండు జాబ్‌లు వేసి మూడోది కుడి చేత్తో కొడుతుందని తెలిస్తే, రెండో జాబ్ దగ్గరే వేలు సిద్ధంగా ఉంటుంది. పెద్దల పోటీ అంతా కలిపి మూడు నిమిషాల రౌండ్లు మూడు, తొమ్మిది నిమిషాలు. పిల్లలకు ఇంకా తక్కువ. నేర్చుకోవడానికి ఎక్కువ టైము ఉండదు.

నికాహ్ ఫోటోగ్రాఫర్లకు ఇది కొత్త విద్యేమీ కాదు. ఖాజీ సాహెబ్ ఎప్పుడు తల ఎత్తుతారో, పెళ్ళికొడుకు సంతకం పెట్టాక ముందు ఎవరిని వాటేసుకుంటాడో, రుఖ్సతీలో అమ్మీ ఏ క్షణంలో ఆపుకోలేక ఏడుస్తుందో వాళ్ళకు ముందే తెలుసు. ఆ తెలివినే ఇక్కడ వాడాలి. ఆట తెలియకపోతే మాత్రం పని జరగదు. నెల రోజులు సాయంత్రాలు ఏదో ఒక క్లబ్బులో కూర్చుని పిల్లల సాధన చూస్తే సగం వచ్చేస్తుంది.

గంట కొట్టాక కెమెరా దించేవాళ్ళు చాలామంది. అక్కడే నష్టపోతారు. 2019 డిసెంబర్ 28న ఢిల్లీలో ఒలింపిక్ అర్హత పోటీలకు జట్టు ఎంపిక కోసం ట్రయల్ జరిగింది. మేరీ కోమ్, నిఖత్ జరీన్. నిఖత్ 1-9తో ఓడిపోయింది. దేశమంతా చర్చించుకున్నది బౌట్‌లోని దెబ్బల గురించి కాదు. ఫలితం చెప్పాక నిఖత్ ఆలింగనం కోసం ముందుకు వెళ్ళినప్పుడు మేరీ కోమ్ స్పందించకుండా వెళ్ళిపోయిన క్షణం గురించి. ఎవరిది తప్పు, ఎవరిది ఒప్పు అన్న తగువు ఇక్కడ అక్కర్లేదు. గంట తర్వాతి అర నిమిషం కూడా పోటీలో భాగమేనని రింగ్ పక్కన ఉన్నవాళ్ళు గుర్తుపెట్టుకుంటే చాలు. అదే నిఖత్ రెండున్నరేళ్ళకు ప్రపంచ ఛాంపియన్ అయింది. 2023 మార్చిలో ఢిల్లీలోనే 50 కిలోల్లో రెండోసారి గెలిచింది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో చైనాకు చెందిన వూ యూ చేతిలో ఓడి కన్నీళ్ళతో బయటికొచ్చింది. ఆ కన్నీళ్ళ ఫోటోలూ వచ్చాయి. ఓడిపోయిన పిల్ల ఏడుపును తియ్యకూడదని ఎవరూ అనరు. కానీ మొహం చేతులతో కప్పుకున్నప్పుడు లెన్స్‌ను ఆ చేతుల సందులోకి దూర్చడం వేరు, నాలుగు అడుగుల దూరంలో ఆగి తియ్యడం వేరు.

ఆడపిల్లల ఫోటోలు

ఈ ముక్క కొందరికి ఇబ్బందిగా ఉన్నా చెప్పక తప్పదు. రింగ్ మీటరు ఎత్తున ఉంటుంది, ఫోటోగ్రాఫర్ కింద కూర్చుంటాడు. కెమెరా ఎప్పుడూ కిందినుంచి పైకే చూస్తుంది. మగపిల్లల విషయంలో దీనివల్ల మనిషి ఎత్తుగా, బలంగా కనిపిస్తాడు. ఆడపిల్లల విషయంలో అదే కోణం కొన్ని క్షణాల్లో ఎవరూ చూడకూడని ఫోటో అవుతుంది. తీసినవాడి ఉద్దేశం చెడ్డది కానక్కర్లేదు. సెకనుకు పది ఫోటోలు తీసే కెమెరా ఉద్దేశాలు అడగదు. కాబట్టి ఏరేటప్పుడు అలాంటివి మొదటే చెరిపేయాలి. 'తర్వాత చూద్దాం' అని కార్డులో ఉంచితే అది ఎవరి చేతికి వెళ్తుందో తెలియదు. నడుము పైభాగం వరకే ఫ్రేమ్‌లో ఉండేలా తియ్యడం, మొహం, గ్లవ్స్ ముఖ్యంగా పెట్టుకోవడం మంచి అలవాటు. ఫోటో కూడా దానివల్లే బలంగా ఉంటుంది.

18 ఏళ్ళలోపు పిల్లల ఫోటో ఎక్కడైనా పెట్టేముందు అమ్మానాన్నలను అడగాలి. కోచ్ ఒప్పుకుంటే సరిపోదు. స్కూలు పేరు, ఊరు పేరు, ఫోన్ నంబరు కలిపి ఫోటో కింద పెట్టడం ఎంతమాత్రం మంచిది కాదు.

దుస్తుల విషయంలో ఇప్పుడు నియమాలు కూడా మారాయి. అంతర్జాతీయ బాక్సింగ్ సంఘం 2019లో హిజాబ్‌ను, ఒళ్ళంతా కప్పే దుస్తులను అనుమతించింది. ఆస్ట్రేలియాకు చెందిన టీనా రహీమీ హిజాబ్‌తోనే 2022 కామన్వెల్త్ క్రీడల్లో కాంస్యం గెలిచింది, 2024 పారిస్ ఒలింపిక్స్‌లోనూ ఆడింది. ఆమె ఫోటోల కింద రాతలు చూస్తే ఒక లోపం కనిపిస్తుంది. చాలావాటిలో హిజాబ్ గురించే ఉంటుంది, ఆమె ఎడమ చేతి దెబ్బ గురించి ఉండదు. నిఖత్ షార్ట్స్ గురించి మాట్లాడిన నోళ్ళకూ, టీనా హిజాబ్ గురించి మాత్రమే మాట్లాడే కలాలకూ పెద్ద తేడా లేదు. రెండూ ఆటను చూడలేదు.

మొహం మీద కొట్టే ఆట గురించి ఉలమాలలో అభ్యంతరం ఉన్న మాట నిజమే. ముఖాన్ని కొట్టవద్దన్న హదీసును వాళ్ళు ఆధారంగా చూపిస్తారు. కుస్తీ విషయంలో ఆ అభ్యంతరం లేదు. ప్రవక్త (స) రుకానాతో కుస్తీ పట్టిన ఉల్లేఖనం చాలామందికి తెలిసిందే. పిల్లల్ని ఏ ఆటలో పెట్టాలన్నది ప్రతి కుటుంబం తమ ఆలిమ్‌ను అడిగి తేల్చుకునే విషయం. కుస్తీ, జూడో, తైక్వాండో, కబడ్డీ, దేనికైనా పైన చెప్పిన షట్టర్ లెక్కే, కాళ్ళు భుజాలు చూసే పద్ధతే. తేడా ఒక్కటే, వాటిలో తాళ్ళు ఉండవు. మ్యాట్ అంచున మోకాళ్ళ మీద కూర్చోవాలి, ఇద్దరు కలిసి మీద పడబోతే పక్కకు దొర్లడం రావాలి.

ఇక్కడ అమ్మాయిలకు ఒక దారి ఉంది. మన పెళ్ళిళ్ళలో జనానా వైపు ఫోటోలకు లేడీ ఫోటోగ్రాఫర్ కావాలని చాలా కుటుంబాలు అడుగుతాయి. ఆ పని చేస్తున్న అమ్మాయిలు మహిళల పోటీల దగ్గరికి వస్తే అక్కడి తల్లులకు ఊరట, ఆటగాళ్ళకు ఊరట. దుస్తులు మార్చుకునే గది బయట, చేతికి పట్టీలు చుట్టుకుంటున్నప్పుడు, పోటీకి ముందు దువా చేసుకుంటున్నప్పుడు మగ ఫోటోగ్రాఫర్ వెళ్ళలేని చోటికి వాళ్ళు వెళ్ళగలరు. మంచి ఫోటోల్లో సగం అక్కడే ఉంటాయి.

తిరువూరు నుంచి మొదలుపెట్టాలంటే

తిరువూరు నుంచి ఇటు విజయవాడ, అటు సరిహద్దు దాటితే ఖమ్మం జిల్లా. 2022 ఏప్రిల్‌లో ఎన్టీఆర్ జిల్లా ఏర్పడ్డాక జిల్లా స్థాయి పోటీలంటే విజయవాడ వైపే చూడాలి. స్కూల్ గేమ్స్‌లో బాక్సింగ్, కుస్తీ, జూడో, తైక్వాండో అన్నీ ఉన్నాయి. విజయవాడలోని దండమూడి రాజగోపాలరావు ఇండోర్ స్టేడియం పేరే ఒక వెయిట్ లిఫ్టర్‌ది. అలాంటి హాల్లో మొదటిసారి కూర్చోవడానికి పెద్ద పత్రిక కార్డు అక్కర్లేదు. నిర్వాహకులకు ముందుగా ఒక కాగితం రాసి, ఫ్లాష్ వాడనని, ఫోటోలు పిల్లలకు ఉచితంగా ఇస్తానని చెబితే చాలాసార్లు ఒప్పుకుంటారు. అంతకన్నా ముందు ఊళ్ళోనే కరాటే బెల్టు పరీక్ష రోజున, సంక్రాంతి కబడ్డీ పందేల దగ్గర చెయ్యి తిప్పుకోవాలి. అక్కడ వంద ఫోటోలు పాడైనా అడిగేవాళ్ళు లేరు.

తీసుకెళ్ళాల్సిన వస్తువుల్లో అందరూ మర్చిపోయేది మెత్తటి గుడ్డ. చెమట, నీళ్ళు, ఒక్కోసారి రక్తం లెన్స్ మీద చిమ్ముతాయి. చొక్కా కొసతో తుడిస్తే లెన్స్ గీసుకుపోతుంది. ఇంకోటి, చిన్న నోటుబుక్. ప్రతి బౌట్‌కు ముందు ఎరుపు మూల ఎవరు, నీలం మూల ఎవరు, బరువు ఎంత అని రాసుకోవాలి. పేర్లు ఆటగాళ్ళనే అడిగి అక్షరం అక్షరం రాసుకోవాలి. లేకపోతే నిఖత్ మర్నాటికి నిఖిత అవుతుంది, హుసాముద్దీన్ హుస్సేన్ అవుతాడు. మన పేర్లకు ఇది కొత్త కాదు. పేరు తప్పు పడిన ఫోటోను ఏ తల్లీ ఫ్రేము కట్టించుకోదు.

పెళ్ళి ఆల్బమ్‌లో చర్మం నునుపు చేసే అలవాటును మాత్రం స్టూడియోలోనే వదిలెయ్యాలి. కంటి కింద వాపు, పెదవి మీద గాటు ఆ రోజు నిజంగా ఉన్నవి. వెలుతురు సరిచెయ్యొచ్చు, అంచులు కత్తిరించొచ్చు. దెబ్బను చెరిపెయ్యడం, లేని రక్తాన్ని ఎర్రగా చెయ్యడం రెండూ అబద్ధాలే.

ఒక సాయంత్రం ఎనిమిది బౌట్లు తీస్తే కార్డులో వెయ్యికి పైగా ఫోటోలు ఉంటాయి. విజయవాడ నుంచి తిరువూరు బస్సులో కూర్చుని, కెమెరా తెర మీద ఒక్కోటి జరుపుతూ వెళ్తే ఊరు వచ్చేసరికి ఒక్కో బౌట్‌కు నాలుగు మిగలాలి. ఒకటి దెబ్బది, ఒకటి కళ్ళు స్పష్టంగా కనిపించేది, ఒకటి గంట తర్వాతిది. నాలుగోది ఓడిపోయిన పిల్లది. దాన్ని పేపరు అడగదు. ఆ రాత్రే ఆమె అబ్బా ఫోన్‌కు పంపాల్సింది అదే.